భయం పాఠంలో బొమ్మ

హిందూపురం,
3 నవంబరు 2025, సోమవారం.

మహేశ్వరి అత్తకు,

ఈరోజు పొద్దున నాకు తెలిసిన మొదటి వింత ఇది: భయమేస్తే ఇంగ్లీషువాళ్ల గుండె పైకొచ్చి నోట్లో కూర్చుంటుందట. మనది కిందికి జారుతుంది కదా! పది గంటలకల్లా రెండో వింత కూడా తెలిసింది. ఆ పాఠానికి బొమ్మను నేనే.

వరసగా చెప్తాను. మా కాలేజీలో ప్రతి సోమవారం మొదటి పీరియడ్‌లో ఒకరు బోర్డు ముందరి ప్లాట్‌ఫారం ఎక్కి మూడు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. ఈరోజు నా వంతు. 'మా వీధి' అని పదకొండు రోజులు రాసుకుని బట్టీ పట్టాను. తెల్లవారకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు గురించి ఒక మంచి వాక్యం కూడా ఉంది అందులో. ఎక్కాను. గుడ్ మార్నింగ్ అన్నాను. అంతే. నలభైరెండు మంది మొహాలు కనిపించాయి, నా వాక్యం కనిపించలేదు.

మా ఇంగ్లీషు సారు లేచి వచ్చాడు. పోయి కూర్చోమంటాడనుకున్నా. "నువ్వట్లే నిలబడు, కదలొద్దు" అన్నాడు. బోర్డు మీద 'ఇడియమ్స్ ఆఫ్ ఫియర్' అని రాశాడు. చాక్‌పీసుతో నా కాళ్లు చూపించి, "ఇవిగో, కోల్డ్ ఫీట్. ముందుకు పడాల్సిన కాలు భయంతో వెనక్కి పడితే ఇట్ల అంటారు" అన్నాడు. తర్వాత నా మోకాళ్లు: "జెల్లీ! బేకరీలో చూసుంటారే, గిన్నె కదిలిస్తే ఊగేది." తర్వాత కడుపు: "బటర్‌ఫ్లైస్. ఎన్ని సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయో ఆ పాపనే అడగండి." నాలుకను పిల్లి ఎత్తుకుపోయిందన్నాడు. మొహం తెల్ల దుప్పటి అన్నాడు. ఒక్కొక్కటి బోర్డు మీద రాయడం, నన్ను చూపించడం, క్లాసు నవ్వడం. అట్లా తొమ్మిది. వెనక బెంచీలోంచి అభిషేక్ అనేవాడు, "సార్, హెయిర్ స్టాండింగ్ ఆన్ ఎండ్ కనిపించడంల్యా! జుట్టు నిక్కబొడుచుకోకుండా నూనె బాగా పెట్టింది" అన్నాడు. నా రూమ్మేట్లు కూడా నవ్వారు. గంట కొట్టేదాకా నిలబడ్డాను.

అన్నిటికంటే సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది. నీకొక్కదానికే చెప్తున్నా. ఆ మాటలు నాకు నచ్చాయి. సాయంత్రం రూముకొచ్చి ఏడ్చాక తొమ్మిదీ కొత్త నోటుబుక్కులో రాసుకున్నా. ఇంత చక్కని మాటలు అలాంటి మనిషి చేతిలో ఎందుకుండాలి? లాక్కుంటాను. తొమ్మిదీ ఆయన ఒంట్లో ఒక్కొక్కటీ పుట్టేదాకా నాకు నిద్ర పట్టదు.

నాయనకు చెప్పొద్దు. మార్కులు తగ్గాయంటే "మగ్గం గుంత ఖాళీగానే ఉండాది, రామ్మా" అంటాడు. ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉన్నాయి. ఆదివారం పది నిమిషాలు ఇస్తుంది కానీ ఎదురుగానే కూర్చుంటుంది. అందుకే పట్టు కొనడానికి మార్కెట్టుకు వచ్చిన తిమ్మరాజు మామ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

నీ కోపంగా ఉన్న మేనకోడలు,
తనూజ


ధర్మవరం,
6 నవంబరు, గురువారం.

తనూ పాపకు,

నీ ఉత్తరం మగ్గం గుంతలో కూర్చునే రెండుసార్లు చదివినా. రెండోసారి చదివి పేకకు నాడె విసిరితే అది పక్కకు పోయింది, నాలుగు పోగులు తెగినాయి. ఒక్క మాట ముందు చెప్పు, దాచొద్దు. ఆ మనిషి మోకాళ్లు, కడుపు అని రాసినావు. నీ మీద చెయ్యి వేసినాడా? వేసి ఉంటే మీ నాయనకు చెప్పకుండా ఉండను. వేయకపోతే ఇది మన ఇద్దరి మధ్యే.

వాళ్లకు తొమ్మిదే ఉంటే మనకు తక్కువా? మనకు ముచ్చెమటలు పడతాయి. కాళ్లూ చేతులూ ఆడవు. పైప్రాణాలు పైనే పోతాయి. గుండెల్లో రైళ్లు పరిగెత్తుతాయి. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, నాకే ఇన్ని తెలుసు. వాళ్ల సీతాకోకచిలుకలు చూస్తే నవ్వొస్తుంది. భయం అంత ముద్దుగా ఉంటుందా? మనకైతే పేగులు మెలిపెడతాయి.

ఈడ ముసురు పట్టింది. తేమకు పట్టు పోగు సాగి పని మందంగా నడుస్తోంది. బాలాజీ సావుకారు రోజూ వచ్చి, "ఏం మహేశ్వరీ, పెండ్లి చీర యాడిదాకా వచ్చింది?" అని అడుగుతున్నాడు. అది ముదురు అరటాకు రంగుకు వంకాయ రంగు అంచు. ఇప్పుడందరికీ మోజు కదా, కొంగులో పెండ్లికూతురు పేరు, పెండ్లికొడుకు పేరు జరీతో నేయాలంట. పేర్ల చీటీ ఇంకా ఇవ్వలేదు. అమావాస్య ఇరవయ్యో తేదీ, ఆరోజు మనం మగ్గం ముట్టం. ఆలోపే మగ్గం మీదనుంచి చీర కోసి ఇవ్వాలి.

వాము, బెల్లం కలిపి పొడి పంపుతున్నా. కడుపులో ఏది ఎగిరినా అణుగుతుంది.

ఆ సారు పేరు రాయి. ఊరు రాయి. ఊరికే అడుగుతున్నా.

మీ అత్త,
మహేశ్వరి


హిందూపురం,
9 నవంబరు, ఆదివారం.

అత్తా,

చెయ్యి వేయలేదు. చాక్‌పీసు కూడా జానెడు దూరంలోనే ఆగింది. అందుకే ఎవరికీ ఫిర్యాదు చేయలేను. ఏమని చెప్పాలి, పాఠం చెప్పాడనా? ఆఫీసులో అడిగితే, మంచి పాఠమే కదమ్మా, నీకు జన్మలో మరిచిపోకుండా వచ్చింది కదా అంటారు. నిజంగానే మరిచిపోను.

ఆయన పేరు నారాయణస్వామి. ఊరు పెనుకొండ. రోజూ రైల్లో వచ్చి పోతాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుంటాడు, చేతిలో స్టీలు ఫ్లాస్కు. శుక్రవారం క్లాసుకు శుభలేఖలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూతురు స్వాతి పెళ్లి ఇరవైమూడో తేదీ, పెనుకొండలోనే. "తర్వాత మూఢమంట, అందుకే తొందర. అందరూ రావాల" అన్నాడు. నవ్వుతూ నాకూ ఒకటి ఇచ్చాడు! చేతికి కాలినట్టయింది. దాన్ని చింపలేదు. నోటుబుక్కులో ఆ తొమ్మిది మాటల పేజీలో పెట్టా.

ఇంకో సంగతి. ఆ మూడు నిమిషాలు మాట్లాడనివాళ్లకు ఇంటర్నల్ మార్కులు వేయడట. డిసెంబరు ఒకటో తేదీ సోమవారం చివరి అవకాశం. మళ్లీ ఆ ప్లాట్‌ఫారమే, అవే మొహాలు. ఎక్కకపోతే ఇంగ్లీషు పోతుంది. ఇంగ్లీషు పోతే నాయన నన్ను తీసుకుపోతాడు. మగ్గం చెడ్డదని కాదు అత్తా, నీకు తెలుసు. నాకు ఈ మాటలు కావాలి. లైబ్రరీలో డిక్షనరీ ముందు కూర్చుంటే హాస్టలు గంట కూడా వినబడదు నాకు. నిన్న 'షేకింగ్ లైక్ ఎ లీఫ్' వెతుకుతూ పోయి ఇంకో పదహారు మాటల దగ్గర ఆగాను.

రాత్రి పడుకునేముందు ఆయన్ను ఆకులా ఊపి చూసుకుంటా. హాయిగా ఉంటుంది.

నీ పొడి బాగుంది. రూమ్మేట్లకు పెట్టలేదు.

తనూజ


ధర్మవరం,
12 నవంబరు, బుధవారం.

పాపా,

నిన్న మధ్యాహ్నం సావుకారు పేర్ల చీటీ ఇచ్చిపోయినాడు. పేర్ల డిజైనుకు అట్టల్లో చిల్లులు కొట్టించాక కూడా చీటీ మగ్గం గుంజకు అంటించుకుంటాం కదా, తప్పు పోకుండా. అంటిస్తూ చదివినా. స్వాతి, హరీష్, పెనుకొండ.

పెనుకొండలో స్వాతులు ఎంతమందో అనుకుని సావుకారును అడిగినా. "అన్నా, పెండ్లికూతురు వాళ్ల నాయన ఏం చేస్తాడు?"

"కాలేజీలో ఇంగ్లీషు చెప్తాడు మే, హిందూపురంలో. మంచి మనిషి. ఎందుకు?"

"ఊరికే అన్నా. చీర మంచిగా నేయాల గదా."

నీ మీద ఒట్టు, అప్పుడు నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఈ గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నా. ఎవరి పెండ్లికి నేస్తున్నానో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ మనిషి కూతురి చీర నా చేతిలో ఉంది చూడు!

చీర పాడు చేస్తానని అనుకోవద్దు. ఆ పని చేస్తే నా చేతులు నేనే నరుక్కోవాలి. ఆ పాప ఏం చేసింది పాపం. నేను చేసేది ఒక్కటే. పద్దెనిమిదో తేదీకి కొంగులో జానెడు మిగిలేటట్టు ఆపుతా. మర్నాడు నడుము పట్టిందని పడుకుంటా. ఇరవై అమావాస్య. పెండ్లి ఇరవైమూడు. జాకెట్టు కుట్టాలి, కుచ్చులు కట్టాలి. ఆయన రాక తప్పదు. వస్తే నా మగ్గం ముందర నిలబడి, నీకు చేసింది ఆయన నోటితోనే చెప్పిస్తా. అప్పుడు కోస్తా చీర.

మీ నాయన నిన్న చెనిక్కాయలు ఉడకబెట్టించి, తనూకు ఇష్టమని నీ పేరు తలుచుకున్నాడు. పైకి కఠినంగా ఉంటాడు గానీ లోపల అట్లాంటివాడు. తిమ్మరాజన్న సంచిలో కొన్ని పంపినా.

అత్త


హిందూపురం,
16 నవంబరు, ఆదివారం.

నా బంగారు అత్తా,

నీ ఉత్తరం చదివి హాస్టలు మిద్దె మీద ఒక్కదాన్నే గంతులేశా. వార్డెన్ చూసి, "ఏమైందే నీకు, దయ్యం పట్టిందా?" అంది. పట్టింది అన్నా.

నేను ఆడ ఉండలేను. కాబట్టి నువ్వే నా కళ్లు. ఆయన వచ్చినప్పుడు ఏం మాట్లాడాడో మాత్రమే రాస్తే చాలదు. ఒళ్లు చూడు. చెమట ముందు ఎక్కడ పట్టింది, నుదుటి మీదా, మీసం కిందా? గొంతు మింగాడా? కాళ్లు ఎట్లా పెట్టాడు? నా మోకాళ్లు నలభైరెండు మంది చూశారు. ఆయనవి నువ్వొక్కదానివైనా చూడాలి. సగం సగం రాయొద్దు. నేను నోటుబుక్కులో ఒక్కొక్క మాట పక్కన గుర్తు పెట్టుకుంటా.

ఇది పాపమా అత్తా? డిక్షనరీలో పగకు నాలుగు మాటలున్నాయి. నాలుగూ చదివాను, ఏదీ చెడ్డదిగా అనిపించలేదు.

క్లాసులో నన్నిప్పుడు 'జెల్లీ' అంటున్నారు. అభిషేక్ మొదలుపెట్టాడు. ప్లాట్‌ఫారం దగ్గరికి పోతేనే అరచేతులు తడిసిపోతున్నాయి. ఒకటో తేదీ నిలబడగలనో లేదో తెలియదు. కానీ ఆయన నీ ముందు వణికాడని తెలిస్తే నిలబడతానేమో. అందుకైనా వదలొద్దు.

ఎదురు చూస్తూ,
నీ తనూ


ధర్మవరం,
21 నవంబరు, శుక్రవారం.

తనూజకు,

అయిపోయింది. అడిగినట్టే రాస్తున్నా.

నిన్న అమావాస్య. మగ్గానికి పసుపు, కుంకుమ పెట్టి కూర్చున్నా. పదకొండు గంటలకు సావుకారు స్కూటరు ఆగింది. వెనక ఆయన.

"ఏమ్మే మహేశ్వరీ, ఇంకా జానెడుందంట గదా! ఏం ఆట ఇది?" అని సావుకారు గడపలోనే అరిచినాడు.

"ఆట కాదన్నా. ఈ సారుతో రెండు మాటలుండాయి. మాట్లాడితే రేపు పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి కోస్తా. మాట్లాడకపోతే నా నడుము ఇప్పట్లో బాగుకాదు."

ఆయన, "అమ్మా, ఏమైనా అడగండి, ఆదివారం పెండ్లి. మూఢమొస్తే మూడు నెలలు ఆగాల" అన్నాడు.

"మీరు హిందూపురంలో భయం పాఠం చెప్తారంట గదా సార్. నిలబెట్టి. మా పాప కూడా నేర్చుకునింది. ఆ పాపకు ఏం చేసినారో మీ నోటితో చెప్పండి."

ఇక చూడు. మొదట కండ్లు సావుకారు వైపు తిరిగినాయి, సాయం కోసం. మీసం కింద చెమట పట్టింది, ఆ తర్వాతే నుదుటి మీద. నోరు తెరిచినాడు, మాట రాలేదు. గొంతులో గుటక పైకి పోయి ఆడనే ఆగింది. ఒక కాలు గడప వైపు పోయింది. మొహం కోరా గుడ్డ మాదిరి అయింది. పడిపోతానేమోనని మగ్గం గుంజ పట్టుకున్నాడు. పాపా, పడుగు బిగించి ఉంది కదా. ఆయన చేతి వణుకు గుంజలోకి పోయి, గుంజలోంచి పడుగులోకి పోయింది. నాలుగు వేల పోగులు సన్నగా అదిరినాయి. ఇన్నేళ్లలో నేను ముట్టకుండా నా పడుగు కదలడం చూడలేదు.

అప్పుడు తప్పు ఒప్పుకున్నాడు. "తప్పయింది తల్లీ, మీ పాపకు చెప్పండి" అన్నాడు. కండ్లలో నీళ్లు తిరిగినాయి. కోస్తానన్నా. ఈ సంగతి నా గడప దాటదని మాట కూడా ఇచ్చినా, మగ్గం మీద చెయ్యి పెట్టి. ఈరోజు మధ్యాహ్నం కోసి పంపినా. చీర బాగా కుదిరింది.

నీ పగ తీరింది. ఇక ఆ సారు గురించి మరిచిపో. ఒకటో తేదీ నిలబడి మాట్లాడు, మార్కులు తెచ్చుకో. ఇంతకంటే నాకేం వద్దు.

అత్త


హిందూపురం,
26 నవంబరు, బుధవారం.

అత్తకు,

నువ్వు రాసిన చెమట, గుటక, గడప వైపు పోయిన కాలు, అన్నిటి పక్కనా గుర్తు పెట్టాను. తొమ్మిదిలో ఏడు వచ్చాయి. పడుగు అదిరింది అన్న చోట ఏడ్చాను. ఆ రాత్రి మొదటిసారి సీతాకోకచిలుకలు లేకుండా పడుకున్నా. ఆయన మీద జాలి కూడా వచ్చింది. జాలి వచ్చిందని నా మీద నాకే గర్వమేసింది.

అదే నా తప్పు.

నిన్న ఆయన పెళ్లి లడ్లు తెచ్చి క్లాసుకు పంచాడు. పీరియడ్ అయ్యాక వరండాలో ఒక్కడే ఉంటే పోయాను. ఎంతో పెద్దమనసుతో పోయాను అత్తా! "సార్, మా అత్త చెప్పింది. నాకేం కోపం లేదు సార్" అన్నా.

ఆయన ఫ్లాస్కు మూత తిప్పుతూ, "ఏ అత్త?" అన్నాడు.

"ధర్మవరంలో, మగ్గం..."

ఫ్లాస్కు చెయ్యి ఆగింది. నన్ను కిందినుంచి పైకి చూశాడు. "నువ్వు... నీ రోల్ నంబరెంత? ఆదిలక్ష్మికి నువ్వేమవుతావు?"

"ఏ ఆదిలక్ష్మి సార్?"

ఆయన అటూ ఇటూ చూసి స్టాఫ్ రూములోకి పోయాడు. తలుపు దగ్గర మళ్లీ తిరిగి చూశాడు. అయినా నన్ను గుర్తుపట్టలేదు. మూడు వారాల కిందట నన్ను ముప్పావుగంట బోర్డు పక్కన నిలబెట్టి, నా మోకాళ్లు క్లాసంతటికీ చూపించినవాడు, నా మొహం ఎరగడు!

ఆ క్షమాపణ ఎవరికి చెప్పాడు అత్తా? నువ్వు నాకేం దాచావు? ఏడు గుర్తులూ కొట్టేశాను. నువ్వు కూడా నన్ను పక్కకు నెట్టి పాఠం పూర్తి చేసుకున్నావా?

తనూజ


ధర్మవరం,
28 నవంబరు, శుక్రవారం.

పాపా,

దాచినా. తిట్టు.

ఏం చేసినారో చెప్పండి అని నేనడిగితే ఆయన గుటక మింగి అన్న మొదటి మాట ఇది: "చెన్నేకొత్తపల్లి ఆదిలక్ష్మి మీకేమవుతాదమ్మా? ఆ పాప కాలేజీ నిలిపేస్తుందని నేననుకోలేదు." పోయిన సంవత్సరం ఆ పాపను నిలబెట్టినాడంట. మర్నాడునుంచి రాలేదంట. వాళ్ల నాయన ఒకసారి కాలేజీకి వచ్చి గొడవ చేసినాడంట. నేను ఆ ఇంటి మనిషిననుకుని భయపడినాడు, నీ గురించి కాదు.

తనూజ అని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకంటే అప్పటికి నా ఒళ్లు కూడా వశంలో లేదు. ఆయన వణుకు చూసి రాసినా గానీ నాది రాయలేదు. సావుకారు ఎర్రగా చూస్తున్నాడు. నా కాళ్లు గుంతలో ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనబడలేదు, లేకపోతే నీ పాఠానికి నేనూ పనికొచ్చేదాన్ని. తొందరగా అయిపోతే చాలనుకున్నా. నీకు చల్లగా ఉంటుందని ఆ క్షమాపణ నీ పేరు మీద రాసి పంపినా.

ఇంకొకటి. చీర పోయిన సాయంత్రమే సావుకారు వచ్చి, "గిరాకీని మగ్గం కాడ నిలబెట్టి బెదిరిస్తావా?" అని నాకు రావాల్సిన కొత్త పడుగు ఇంకొకరికి ఇచ్చినాడు. వారంగా నా మగ్గం ఖాళీ. మీ నాయనకు సావుకారు దగ్గర పడుగు లేదంట అని చెప్పినా. ఇది నీ తప్పు కాదు, నేను కోరి చేసిన పనే.

కానీ మాట ఇచ్చినా పాపా. నా గడప దాటదని. దాన్ని నిలబెట్టు. నీ సంగతి ఆయన ఎరగకపోతే పోనీ. ఎరగనివాడితో నీకేం పని?

నీ అత్త


హిందూపురం,
30 నవంబరు, ఆదివారం.

అత్తా,

ఎరగనివాడితోనే పని.

నీ మగ్గం ఖాళీ అని చదివాక నా కోపం నీ మీదనుంచి జారి మళ్లీ ఎక్కడ ఉండాలో అక్కడికే పోయింది. వార్డెన్‌ను బతిమాలి ఈ పొద్దున పెనుకొండకు పోయాను. చెన్నేకొత్తపల్లి ఆదిలక్ష్మి ఇప్పుడు పెనుకొండ బస్టాండు పక్కన జిరాక్సు కొట్లో పనిచేస్తోందని మా సీనియర్ ఒకామె చెప్పింది.

"ఎన్ని కాపీలు పాపా?" అంది నన్ను చూడకుండానే.

"కాపీలు కాదక్కా. నారాయణస్వామి సారు గురించి."

మిషను ఆపేసింది. "నిన్ను కూడానా?"

తల ఊపాను. ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. "జెల్లీ అన్నాడా? బేకరీలో చూసుంటారే అన్నాడా?"

"అన్నాడు."

"సీతాకోకచిలుకలు ఎన్నో ఆ పాపనే అడగండి?"

"అదీ అన్నాడు."

"పిల్లి?"

"పిల్లీ వచ్చింది."

"అచ్చం అదే! ఒక్క మాటన్నా మార్చల్యా సూడు, సోమరి నాయాలు" అని నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. వాళ్ల సీనియర్లు కూడా ఇదే పాఠం విన్నారట. అప్పుడు వేరే ఎవరో నిలబడ్డారు. ఏటా ఒకరు, అత్తా. పాఠం అదే, బొమ్మ మారుతుంది. అందుకే నా మొహం ఆయనకు గుర్తు లేదు. చాక్‌పీసు అరిగితే ఇంకొకటి తీస్తారు కదా, ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఒక మాట చెప్పేశాను, క్షమించు. "ఆయన నీ పేరు చెప్పి తప్పయిందన్నాడంట అక్కా." ఎక్కడో, ఎవరి ముందో చెప్పలేదు. ఆమె మొహం గట్టిపడింది.

"యాడన్నాడు? ఎవురితో అన్నాడు? నేను ఈడనే ఉండా గదా. దినామూ రైలుకు ఈ కొట్టు ముందరే పోతాడు. నాతో ఎందుకు అన్ల్యా?"

అదే ప్రశ్న నీకూ పంపుతున్నా.

అప్పుడే మేమిద్దరం నిర్ణయించుకున్నాం. నీ మాట గురించి ఆలోచించాను. నీ మాట నీ గడపది. నేను ఆయన పేరు చెప్పను, ఊరు చెప్పను, చీర చెప్పను, పెళ్లి చెప్పను. రేపు నా మూడు నిమిషాల విషయం 'భయం ఒంట్లోకి ఎట్లా వస్తుంది'. అవే తొమ్మిది మాటలు, ఆయన రాసిన వరసలోనే. ఒక్కటే తేడా. ఈసారి బొమ్మ ఒక మగమనిషి. మీసం కింద చెమట పట్టిన మనిషి. ఒక కాలు గడప వైపు పెట్టిన మనిషి. గుంజ పట్టుకుంటే గుంజ కూడా వణికిన మనిషి. నీ వాక్యాలే ఇంగ్లీషు చేసుకున్నా. పడుగు అన్న మాటకు చాలాసేపు వెతికి, చివరికి వదిలేశా. దాని అవసరం లేదు. గుంజ చాలు.

క్లాసు నవ్వుతుంది. నవ్వేట్టే రాశాను, అభిషేక్ కోసం ప్రత్యేకంగా రెండు చోట్ల. ఆయన మొదటి బెంచీ పక్కన కుర్చీలో ఉంటాడు. ఆయన కూడా నవ్వాలి. నవ్వకపోతే నలభైరెండు మందీ ఎందుకు నవ్వలేదని తిరిగి చూస్తారు. నవ్వితే, తనను చూసి తనే నవ్వాలి. నా పేరు ఆయనకు రేపు తెలుస్తుంది. మార్కు వేయడానికి రోల్ నంబరు అడగకుండా రాస్తాడు చూడు.

నాకు భయం లేదని అబద్ధం రాయను. ఇది రాస్తుంటేనే పెన్ను జారుతోంది. అయినా పదిహేనుసార్లు చదివాను, రూమ్మేటు తనకు కూడా నోటికి వచ్చేసిందంటోంది.

నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే తిమ్మరాజు మామకు రేపు పొద్దుటి రైలుకు ఈ ఉత్తరం ఇస్తున్నా. నీకు అందేసరికి పన్నెండవుతుంది. మొదటి పీరియడ్ తొమ్మిదిన్నరకు.

ఆదిలక్ష్మి ఇంతవరకూ కాలేజీనుంచి తన టీసీ తీసుకోలేదు. దానికి లెక్చరర్లందరి సంతకాలూ కావాలి, ఈ సారుది కూడా. రేపు కొట్టుకు సెలవు పెట్టి ఎనిమిదింటి బస్సు ఎక్కుతుంది. తొమ్మిదికి నేను గేటు దగ్గర కలుస్తా. నేను ప్లాట్‌ఫారం ఎక్కే సమయానికి ఆమె కాగితం పట్టుకుని మా క్లాసు తలుపులో నిలబడి ఉంటుంది. ఆయన బయటికి పోవాలంటే ఆమె పక్కనుంచే పోవాలి.

ఐదింటికి లేచి తలస్నానం చేస్తా. జడకు నూనె పెట్టను.

తనూజ,
రోల్ నంబరు ముప్పైఏడు